పాత విలాసపు కారు: కొనుగోలు, పోషణము



పది పండ్రెండేండ్ల క్రిందట ఇంచుమించు 50 లక్షల రూపాయలకు అమ్ముడుపోయిన జర్మను దేశపు కారు నేడు 8, 9 లక్షలకే దొరకుచున్నది. అనగా ఒక సామాన్యమైన కొత్త చిన్నకారునకగు వెలకే, ఒకప్పుడు మంత్రులును, సినిమా నటులును ఎక్కి తిరిగిన బండి మన వాకిట నిలుచును. తోలు గద్దెలు, అద్దమువలె మెరయు దేహము, అడుగు మోపినంతనే అశ్వమువలె ముందున కురుకు ఇంజను, ఇవన్నియు ఎనిమిది లక్షలకు లభించుచుండగా ఎవరికి ఆశ కలుగదు? ఈ యాశ యెంతవరకు యుక్తము, ఎచ్చట ప్రమాదము, ఎట్టి జాగ్రత్తలు తీసికొనవలయును అను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని.

సంస్కృతాంధ్రములు చెప్పుకొని బ్రతికిన పంతులునకు యంత్రముల ప్రసక్తి యేల యని మీరు ప్రశ్నింపవచ్చును. మాది నాగరుకర్నూలు జిల్లాలోని అమ్రాబాదు. నల్లమల కొండలమీది యూరు. నేను ఉద్యోగము చాలించిన పిదప నా పూర్వశిష్యులు భూమి కాగితములు, బ్యాంకు కాగితములు, బండి కాగితములు తెచ్చి నాచేత చదివించుకొనుట పరిపాటియైనది. ఈ నాలుగైదేండ్లలో వారు తెచ్చిన బండి కాగితములలో ఇట్టి పాత గొప్పకార్లవి తరచుగా కనబడుచున్నవి. చదివి యూరకుండక, అచ్చంపేటలోను హైదరాబాదులోను పనివాండ్రనడిగి, పుస్తకములు చూచి, తెలిసికొన్నంత తెలిసికొంటిని. దానినే మీముందుంచుచున్నాను.

మన పెద్దలు యోగక్షేమములని జంటగా వాడిన మాటలో గొప్ప యర్థశాస్త్రము గలదు. లేనిదానిని సంపాదించుట యోగము. సంపాదించినదానిని కాపాడుకొనుట క్షేమము. ఏ వస్తువునకైనను ఈ రెండును వేరువేరు లెక్కలు. పాత విలాసపు కారు విషయమున యోగము మిక్కిలి సులభము, క్షేమము మిక్కిలి కష్టము. అమ్మువాడు మనకు మొదటి లెక్క మాత్రమే చెప్పును. రెండవ లెక్క మనమే వేసికొనవలయును.

కారు వెల ఏల యింతగా పడిపోవును? గొప్పకారును కొత్తగా కొనువాడు దాని కొత్తదనమునకే వెల యిచ్చును. నాలుగైదేండ్లకు కంపెనీవారి పూచీ గడువు తీరిపోవును. మార్కెట్టులోనికి కొత్త రూపము వచ్చును. అతడు దానిని విడిచి మరియొకటి కొనును. రెండవవాడు కొన్నియేండ్లు తిరిగి, పెద్ద ఖర్చు రాబోవుచున్నదను సూచన కనబడగానే అమ్మివేయును. మూడవవాడు, నాలుగవవాడు మనవంటివారు. అమ్మకపు వెల తగ్గుచు వచ్చినది గాని, ఆ బండికి వలయు టైరు, బ్రేకు, పంపు, గేరుబాక్సు వీని వెల యేమాత్రమును తగ్గలేదు. అవి 50 లక్షల కారునకని చేసినవి. ఆ కారు నేడు 8 లక్షలకు అమ్ముడుపోయినను అవి తమ వెలను మార్చుకొనవు. ఏనుగు పడినను గుర్రమంత యెత్తు అను సామెత ఇందులకు సరిగా సరిపోవును. గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువలేదను సామెతయు ఇట్టిదే.

ఈ సత్యము నేటి యువకులకే గాదు, నవాబులకును తప్పలేదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కోసము నిర్మింపబడిన 1912 నాటి రోల్సు రాయిసు కారు హైదరాబాదు చౌమహల్లా రాజభవనమునందు నేటికిని ప్రదర్శింపబడుచున్నది. అది దర్బారు ఉత్సవములకే గాని దూరప్రయాణములకు ఉపయోగపడినది గాదు. ఏడవ నిజాము 1967లో గతించిన పిదప మనుమనికి సంక్రమించిన కార్లశాలలో నడుచు బండ్లకంటె నడువని బండ్లే యెక్కువగా నుండెనని చెప్పుదురు. అంతటి ఐశ్వర్యవంతుల యింటనే క్షేమపు లెక్క యింత బరువైనప్పుడు, నెలజీతముమీదను ఎకరము భూమిమీదను ఆధారపడినవాని గతి యేమి?

ఇక యంత్రముయొక్క స్వభావమును కొంత విచారింతము. సామాన్యపు కారు ఇంజను ఎడ్లబండి యెద్దువంటిది. తన శక్తిలో సగముతో పనిచేయుచు బహుకాలము బ్రతుకును. వేగమునకై చేసిన కారు ఇంజను పందెపు గుర్రమువంటిది. చిన్న దేహమునుండి పెద్ద శక్తిని రాబట్టుటకు దానికి టర్బో అను యంత్రమును తగిలింతురు. ఇంజనునుండి వెలువడు పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును; ఆ చక్రమునకు గట్టిన రెండవ చక్రము గాలిని ఒత్తి ఇంజనులోనికి నెట్టును. ఈ చక్రములు నిమిషమునకు లక్షకుపైగా చుట్లు తిరుగును. వీనిని కాపాడునది పలుచని నూనె పొర యొక్కటే. నూనె పాతబడినను, తక్కువైనను, ఘాటు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజనును ఆపివేసినను, ఆ వేడికి నూనె మాడి బొగ్గగును; టర్బో చెడును. కావున ఎక్కుడు ఎక్కిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి ఆపవలయును. కంపెనీవారి పుస్తకములో 20, 25 వేల కిలోమీటర్లకు నూనె మార్చవచ్చునని యున్నను, పాతకారునకు పదివేలకొకమారు మార్చుట క్షేమకరము.

రెండవది టైమింగు గొలుసు. ఇంజనులో ముషలములవలె పైకి క్రిందికి ఆడు పిస్టనులును, ద్వారములవలె తెరచి మూసికొను వాల్వులును ఒక తాళమున నడువవలయును. ఆ తాళమును నిలుపునదే యీ గొలుసు. అది సాగినను తెగినను పిస్టనులు వాల్వులను ఢీకొనును. ఒక్క క్షణములో ఇంజను పాడగును. సాధారణముగా ఈ గొలుసు ఇంజను ముందుభాగమున నుండును. కొంత పనితో మార్చుకొనవచ్చును. కాని బి.ఎం.డబ్ల్యు. వారు 2007 మొదలుగా తమ డీజిలు కార్లలో వాడిన ఎన్ 47 అను ఇంజనులో గొలుసును వెనుకభాగమున, గేరుబాక్సు వైపున నమర్చిరి. ఆ గొలుసు బలహీనమని లోకమునకెల్ల తెలిసిన సంగతి. దానిని మార్చుటకు గేరుబాక్సునో, ఇంజనునో దింపవలయును. గొలుసు వెల కొంచెమే. దింపి యెక్కించు కూలి పెక్కు. మన దేశములో అమ్ముడుపోయిన 320డి, 520డి కార్లలో పెక్కింటియందు ఈ ఇంజనే యుండెను. అట్టి కారును చూచునప్పుడు, ప్రొద్దుట చల్లనిగా నున్న ఇంజనును నడిపించి, వెనుకనుండి గొలుసు గీచుకొను చప్పుడు వచ్చునేమో చెవియొగ్గి వినవలయును. గొలుసు మార్చిన రసీదు ఉన్నదేమో అడుగవలయును.

ఈ దోషము ఒక్క కంపెనీకే పరిమితము గాదు. ఆడి, స్కోడా, వోక్సువాగను కార్లలో కొంతకాలము వచ్చిన 2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజనులు పిస్టను రింగుల లోపముచే నూనెను త్రాగెడివి. ఆ కంపెనీలవే పొడి క్లచ్చులు గల ఏడు గేర్ల డి.ఎస్.జి. గేరుబాక్సులు కొన్ని, వానిని నడిపించు మెకాట్రానిక్సు అను భాగము చెడుటచే అపకీర్తి పొందినవి. 2005, 2006 ప్రాంతపు మెర్సిడెస్ బెంజి వి-6 పెట్రోలు ఇంజనులలో కొన్నిటి తులాదండపు పండ్లచక్రము అరిగిపోయెడిది. గొప్ప పేరు దోషరహితత్వమునకు హామీ కాదు. కారు పేరును గాక, దానిలోని ఇంజను సంఖ్యను, గేరుబాక్సు జాతిని కనుగొని విచారించుట వివేకము.

మూడవది గేరుబాక్సు. ఈ కార్లలో పెక్కింటికి గేర్లు తమంతట తామే మారును. జడ్.ఎఫ్. అను జర్మను కంపెనీ చేసిన ఎనిమిది గేర్ల బాక్సు చాల మంచిది. కాని కారు కంపెనీలవారు దానిలోని నూనె జీవితకాలమంతయు చాలునని చెప్పుచుండగా, బాక్సును చేసినవారు 80 వేల మొదలు లక్షయిరువది వేల కిలోమీటర్లలోపల మార్చవలయునని చెప్పుచున్నారు. ఎవరి జీవితకాలమని మనము ప్రశ్నింపవలయును. మొదటి యజమాని స్వామ్యకాలమే వారు చెప్పు జీవితకాలమైనచో, మూడవ యజమానికి మిగులునది కాలము తీరిన నూనె.

నాలుగవది రబ్బరు, ప్లాస్టిక్కు. ఇంజనును చల్లబరచు నీటి గొట్టములు, తొట్టి, థర్మోస్టాటు పెట్టె ఇవన్నియు నేడు ప్లాస్టిక్కుతో చేయబడుచున్నవి. కొన్ని కార్లలో నీటిపంపు విద్యుత్తుతో నడుచును. పదియేండ్ల వేడికి ప్లాస్టిక్కు పెళుసుబారి బీటలు వారును. మన పాలమూరు ఎండలలో 40 డిగ్రీలు దాటిన దినమున ఈ బీట తెరచుకొన్నచో నీరు పోవును. నీరు పోయినచో సిలిండరు తల వంగును. వంద రూపాయల గొట్టము లక్ష రూపాయల నష్టమును తెచ్చుట ఇట్లే. కిలోమీటర్లు తక్కువగా తిరిగిన బండియని సంతోషింపరాదు. రబ్బరు తిరుగుడువలననే గాక వయస్సువలనను చెడును.

ఐదవది గాలి సస్పెన్షను. కొన్ని గొప్పకార్లకు ఉక్కు స్ప్రింగులకు బదులుగా గాలినింపిన రబ్బరు తిత్తులుండును. ప్రయాణము మెత్తగా నుండును. తిత్తికి బీట పడగా గాలి మెల్లగా కారును. దానిని నింపుటకై కంప్రెసరు రాత్రింబగళ్లు శ్రమపడి తానును చెడును. రాత్రి నిలిపిన కారు ఉదయమునకు ఒక మూల కుంగియున్నచో ఇదే కారణమని గ్రహింపవలయును.

ఇప్పుడు మా ప్రాంతపు మార్గములను ఈ లక్షణములతో కలిపి చూడుడు. హైదరాబాదునుండి శ్రీశైలము పోవు రాజమార్గము మన్ననూరు వద్ద పులుల అభయారణ్యములో ప్రవేశించును. రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు అచ్చటి గేటు మూయబడును. అడవిలో పెక్కు చోట్ల సెల్ ఫోనుకు సంకేతమందదు. దోమలపెంట దాటిన పిదప మార్గము వంకరలు తిరుగుచు కృష్ణానది లోయలోనికి దిగును. అట్టి దిగుడులో బ్రేకులు కాగును. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. రెండేండ్లకు మించి మార్చనిచో, వేడికి అందలి నీరు ఆవిరియై బ్రేకు పట్టు తప్పవచ్చును. ఇది డబ్బు నష్టము గాదు, ప్రాణనష్టము.

టైర్ల సంగతియు వినుడు. ఈ కార్లలో కొన్నిటికి అదనపు చక్రముండదు. గాలి పోయినను గంటకు 80 కిలోమీటర్లు మించని వేగముతో 80 కిలోమీటర్ల దూరము పోగల రన్ ఫ్లాటు టైర్లను అమర్తురు. జర్మనీలో ఆ 80 కిలోమీటర్లలోపల పది దుకాణములుండును. మా యూరినుండి హైదరాబాదు సుమారు 140 కిలోమీటర్లు. ఆ కొలత టైరు అచ్చంపేటలోనో కల్వకుర్తిలోనో దొరకునన్న నమ్మకము లేదు. నాలుగు టైర్లు మార్చుటకు లక్ష రూపాయలవరకు కావలసియుండును. పల్లెలలో వేగనిరోధకములు ఎత్తుగా నుండును. ఈ కార్లు నేలకు దగ్గరగా నుండును. క్రింద తగిలి నూనెతొట్టి పగిలినది గమనింపక నడిపినచో ఇంజను కథ ముగియును.

ఆరవది విద్యుత్ పరికరములు. గొప్పకారులో పదులకొలది చిన్న కంప్యూటర్లుండి ఒకదానితో నొకటి మాటలాడుకొనుచుండును. కొన్ని కార్లకు కొత్త బ్యాటరీ వేసినను, ఆ సంగతిని కంప్యూటరుతో నమోదు చేయింపవలయును. ఊరి మెకానిక్కు ఎంత నేర్పరియైనను తగిన యంత్రము లేనిదే యిది చేయలేడు. అతని చేతికి లోపము లేదు. అతనికి తాళపుచెవి యీయబడలేదు. వీనికి నీరు మహాశత్రువు. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును, 2020 అక్టోబరులో హైదరాబాదును వరదలు ముంచినవి. అట్టి సమయములలో మునిగిన కార్లు కడుగబడి, తుడువబడి, దూరపు ఊళ్లలో అమ్మకమునకు వచ్చుట కలదు. సీటుబెల్టును చివరవరకు లాగి చూడుడు. మడతలలో బురద యున్నదేమో తెలియును. కాలిక్రింది తివాసీనెత్తి తడివాసన చూడుడు. గద్దెల క్రింది ఇనుప పట్టాలకు త్రుప్పు పట్టినదేమో చూడుడు.

ఒక నిజమైన వృత్తాంతమును చెప్పెదను. కారు పేరుగాని, అమ్మినవారి పేరుగాని చెప్పుట నాకిష్టము లేదు. నా పూర్వశిష్యుడొకడు ఎరువుల దుకాణము పెట్టుకొని జీవించుచున్నాడు. అతని తల్లికి కాన్సరు వ్యాధి సోకినది. మూడువారములకొకమారు హైదరాబాదునకు చికిత్సకై తీసికొనిపోవలయును. బస్సు కుదుపులకు ఆమె తాళలేకుండెను. తల్లి సుఖముగా పరుండి ప్రయాణము చేయవలెనని, ఆడంబరమునకు గాక ప్రేమచేత, అతడు ఎకరము భూమి యమ్మి పదునొకండేండ్ల విదేశపు కారును 8 లక్షలకు కొనెను. నాలుగు ప్రయాణములు హాయిగా జరిగినవి. ఆమె ప్రతిమారును నాతో, ఇల్లు కదలుచున్నట్లున్నది గాని బండి కదలుచున్నట్లు లేదని చెప్పెడిది. ఐదవ ప్రయాణమున, తెల్లవారుజామున, డిండి చేరకమునుపే గేరుబాక్సు మొరాయించినది. ఇట్టి కార్లలో దోషము కనబడగానే కంప్యూటరు బండిని కుంటినడకకు దింపును. ఆ కుంటినడకతో కొంతదూరము పోయి నిలిచిపోయినది. ఎండ యెక్కినది. దారినబోవు జీపువాడొకడు దయదలచి తల్లీకొడుకులను ఎక్కించుకొనెను. ఆసుపత్రిలో ఆనాటి వంతు దాటిపోయినది. చికిత్స వారము దినములు వెనుకబడినది.

కారును లారీమీద హైదరాబాదు చేర్చిరి. గేరుబాక్సు భాగమునకును కూలికిని కలిపి మూడున్నర లక్షలగునని చెప్పిరి. ఆ భాగము విదేశమునుండి రావలయును. ఇంతలో మరియొకమారు, ఇంకొకమారు, ఆ తల్లి బస్సులోనే ప్రయాణము చేసెను. నా శిష్యుడు నాయొద్దకు వచ్చి, "సారూ, బండి నాదే, తాళపుచెవి నాదే. కాని బండి నాచేతిలో లేదు" అనెను. తుదకు దానిని చెడిన స్థితిలోనే రెండున్నర లక్షలకు అమ్మి, మిగిలిన డబ్బునకు కొంత యప్పు చేర్చి, అచ్చంపేటలోనే బాగుచేయదగిన చిన్నకారును కొనెను. ముందుగద్దెను వెనుకకు వాల్చి, దిండ్లు పేర్చి, ఆమెను దానిలోనే తీసికొనిపోవుచున్నాడు. అది ఇంతవరకు నిలిచిపోలేదు. ఆపదలో ఉపయోగపడవలసిన వస్తువునకు మెత్తదనముకంటె నమ్మకము ముఖ్యమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

ఇక కొనదలచినవారికి పరీక్షావిధానమును చెప్పెదను. మొదట, ఉదయమున ఇంజను పూర్తిగా చల్లబడియుండగా పోయి చూడవలయును. అమ్మువాడు ముందుగనే వేడిచేసి యుంచినచో కారణమడుగుడు. పొగను పరికింపుడు: నీలిపొగ నూనె కాలుటకును, ఆగక వచ్చు తెల్లని ఆవిరి నీరు లోనికి చేరుటకును, నల్లపొగ ఇంధనము సరిగా కాలకుండుటకును గుర్తులు. తరువాత, ఆ జాతి కార్లను బాగుచేయు పనివానికి రుసుమిచ్చి వెంట తీసికొనిపొండు. కారును పైకెత్తించి క్రింద నూనె చెమ్మ, అతుకులు చూడవలయును. కంప్యూటరుకు స్కానరు తగిలించి దోషముల జాబితా తీయింపవలయును. జాబితా ఖాళీగా నున్నంతమాత్రమున సంతోషింపరాదు. అమ్మకమునకు ముందురోజున దోషములను చెరిపివేయుట సులభము. అట్లు చెరిపినప్పుడు, స్వపరీక్షలు ఇంకను పూర్తికాలేదని ఆ కంప్యూటరే తెలుపును. మంచి పనివాడు దానిని చదువగలడు. కిలోమీటర్ల సంఖ్యయు ఇట్లే. ముందరి అద్దములో కనబడు సంఖ్యను తగ్గింపవచ్చును గాని, కొన్ని కార్లలో గేరుబాక్సు, తాళపుచెవి మొదలగు వేరు చోట్లను అది వ్రాయబడియుండును. ఛాసిస్ సంఖ్య నిచ్చి అధికృత సర్వీసు కేంద్రమున పూర్వచరిత్రను కోరుడు. అప్పుడే, ప్రపంచమంతట వెనుకకు పిలువబడిన తకాటా కంపెనీ గాలిసంచులు ఆ కారులో నున్నవేమో, మార్పబడినవో లేదో కూడ అడుగుడు. వేడిమికి చెడిన ఆ సంచులు పగిలి, కాపాడవలసినవారినే గాయపరచినవి.

ఇంధనమును గూర్చియు ఒక మాట. 2023 తరువాత మన దేశమున నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు వ్యాపించినది. పూర్వపు పెట్రోలు కార్ల రబ్బరు గొట్టములు, సీళ్లు పెక్కింటియందు దీనికని చేసినవి గావు. మైలేజీయు కొంత తగ్గును. డీజిలు కార్లలో ఇంజెక్టర్లు గాలి ఒత్తిడికి వేయింతలకు మించిన ఒత్తిడితో పనిచేయును. ఇంధనములో చిటికెడు మలినము చేరినను అవి చెడును. 2020 ఏప్రిలు తరువాతి బి.ఎస్. 6 డీజిలు కార్లకు మసిని పట్టు జల్లెడయు గలదు. ఊరిలోనే చిన్నచిన్న తిరుగుడులకు వాడినచో అది పూడుకొనిపోవును.

కాగితముల విషయమున తొందర తగదు. ఢిల్లీ ప్రాంతమున పదియేండ్లు దాటిన డీజిలు కార్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు కార్లను తిరుగనీయరాదని హరిత ట్రిబ్యునలు ఇచ్చిన ఉత్తరువులను 2018లో సుప్రీంకోర్టు సమర్థించెను. 2025లో ఆ కట్టడి కొంత సడలినను, ఆ కాలమున వెల పడిపోయిన అచ్చటి కార్లు పెక్కు దక్షిణమునకు వచ్చినవి. పరరాష్ట్రపు కారు కొన్నచో అచ్చటినుండి నిరభ్యంతర పత్రము తేవలయును. తెలంగాణమున జీవితపు పన్ను మరల కట్టవలయును. ఆ పన్నును నీవు కొన్న 8 లక్షలనుబట్టి గాక, కారు కొత్తగా నున్నప్పటి వెలను, దాని వయస్సును చూచి నిర్ణయింతురు. ఆర్.సి.లో అప్పు గుర్తు తొలగినదేమో, పోలీసువారి చలానాలు మిగిలియున్నవేమో చూడుడు. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు తీరునని, ఆపైన తనిఖీ చేయించి ఐదేండ్లకొకమారు పొడిగించుకొనవలయునని మరువకుడు. ఇన్సూరెన్సు ఢీకొన్న నష్టమును తీర్చును గాని, అరిగి చెడిన గేరుబాక్సునకు పైసయు ఈయదు.

తుదకు డబ్బు లెక్క. నా సలహా యిది: చేతిలో 8 లక్షలున్నవాడు 8 లక్షల గొప్పకారును కొనరాదు. ఐదు లక్షల కారును కొని మూడు లక్షలను బ్యాంకులో నుంచవలయును. కొన్న మొదటి నెలలోనే ఇంజను నూనె, గేరుబాక్సు నూనె, బ్రేకు ద్రవము, శీతలజలము, పాతగొట్టములు మార్పించవలయును. మిగిలినది రాబోవు ఆపదకై. ఆ మూడు లక్షలు ముట్టుకొనక మూడేండ్లు గడచినచో అది నీ లాభము. ఆ నిధి లేనివాడు, అప్పు తెచ్చి కొనువాడు, ఇంటిలో వేరొక బండి లేనివాడు, ఆసుపత్రికిని బడికిని ఒక్క బండినే నమ్ముకొన్నవాడు, ఈ నలుగురును ఇట్టి కారు జోలికి పోకుండుట మంచిది.

అట్లని పాత గొప్పకార్లన్నియు పనికిరానివని నా యభిప్రాయము గాదు. ఒక్క చేతిలో నుండి, ప్రతి రసీదు భద్రపరుపబడి, ఉక్కు స్ప్రింగులు గలదై, ఎక్కువగా అమ్ముడుపోయిన జాతి ఇంజను గలదై, తెలిసిన పనివాడు హైదరాబాదులో నున్నచో, అట్టి కారు యజమానికి ఎంతో ఆనందమును, రక్షణను ఈయగలదు. పరువుతోపాటు నిలుకడ కావలసినవారు టొయోటా కామ్రీ, హోండా అకార్డు వంటి జపాను కార్లను విచారింపవచ్చును. అవి అంత వేగముగా ఉరుకకపోయినను, మన్నికకు పేరుపడినవి. చవుకయైన చెడ్డబండికంటె ప్రియమైన మంచిబండి తుదకు చవుక యగును.

బండి కొనుటకు ముందు రెండు కాగితములు తీసికొని, ఒకదానిపై యోగమని, రెండవదానిపై క్షేమమని వ్రాయుడు. మొదటిదానిపై అమ్మువాడు చెప్పిన అంకె నొక్కటి వేయుడు. రెండవదానిపై టైర్లు, నూనెలు, పన్ను, భీమా, ఆపదనిధి వరుసగా వ్రాసి కూడుడు. రెండవ కాగితమును ఇంటివారందరి యెదుట చదువుడు. అప్పటికిని మనసు వెనుదీయనిచో నిశ్చింతగా కొనుడు. మీ ప్రయాణములు సుఖకరములగు గాక!